పాట చుట్టూ దూది

నోట్లో దారం కొస తడిపి, కన్ను చికిలించి దబ్బనం బెజ్జంలోకి ఎక్కించబోతుండగా ఆయనకి దగ్గొచ్చింది. దబ్బనాన్ని ఒక చేత్తో, దారాన్ని ఇంకో చేత్తో దూరంగా పట్టుకుని, మొహం మోచేతి మడతలో దాచుకుని దగ్గాడు. భుజాలు అదిరాయి, మెడ నరాలు పొంగాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయిపోయాక, లోపల ఇంకేమన్నా మిగిలిందేమోనని కాసేపు ఆగి చూశాడు. ఏమీ లేదు.

"నీ దయ తండ్రీ" అనుకుని మళ్లీ దారం కొస తడిపాడు.

ఆయన్ని అందరూ పరుపులాయన అంటారు. సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. ఏళ్ల తరబడి నేల మీద కూర్చుని కుట్టడం వల్ల పంట్లాం మోకాళ్ల దగ్గర ఎప్పుడూ ఉబ్బెత్తుగా, లోపల ఇంకో జత మోకాళ్లు ఉన్నట్టు కనిపిస్తుంది. దబ్బనం నెట్టీ నెట్టీ కుడిచేతి బొటనవేలు కాయ కాసి, ఆ చోట చిన్న గవ్వ అతికించినట్టు ఉంటుంది. ఎంత కడుక్కున్నా కనుబొమల్లోనో చెవుల దగ్గరో ఒక దూదిపోగు మిగిలే ఉంటుంది. "మీకు జుట్టు నెరిసిందో, దూది అంటుకుందో ఇన్నేళ్లయినా నాకు తేలలేదండీ" అంటుంది ఆయన భార్య.

ఇప్పుడాయన కూర్చున్నది ఒక పాటల స్టూడియోలో. పైన రంగుల దుకాణం ఉంది. కింద, ఒకప్పుడు ఆ దుకాణం సరుకు దాచుకున్న గది ఇది. మెట్లు దిగి, మందమైన రెండు తలుపులు దాటి లోపలికి రావాలి. మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి అటు సౌండ్ ఇంజనీరు కూర్చునే బల్ల, ఇటు పాడేవాళ్ల గది. పాడే గది గోడల నిండా ఆయన కుట్టిన దూది మెత్తలే. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు గోడకి కొట్టుకుని వెనక్కి రాదు. దూదిలో పడి నిద్రపోతుంది.

స్పాంజి పరుపులు వచ్చి ఆయన్ని పిలిచేవాళ్లు లేకుండా పోయిన రోజుల్లో ఈ స్టూడియో నడిపే ఇంజనీరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పుడు వాళ్లింట్లో పరుపులన్నీ ఆయనే కుట్టాడు. "మా గోడలకి పరుపులు కుడతారా బాబాయ్?" అని అడిగింది. గోడలు పడుకుంటాయా అమ్మా అని ఆయన నవ్వాడు. కుట్టి వెళ్లాక, ఏ కుట్టయినా వదులైందేమో చూసి పోదామని మరుసటి వారం వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. వైర్లు చుట్టడం, మైకు స్టాండ్లు తుడవడం, అందరికీ టీ పెట్టడం ఒక్కొక్కటిగా ఆయన చేతికిందికి వచ్చాయి. ఒకరోజు ఆమె తాళంచెవి కూడా ఇచ్చింది. "నన్ను ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడుంటుంది?" అంటాడు భార్యతో.

పరుపులు కుట్టేవాళ్ల పద్ధతి ఒకటి ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. పని అయిపోయాక ఇల్లాలిని పిలిచి, అరచేతిలో దబ్బనం పెట్టి చూపించాలి. "ఇదిగోనమ్మా, నాతో తీసుకుపోతున్నాను" అనాలి. పరుపు మీద ఎవరో బాలింత పడుకోవచ్చు, ఎవరి పసిబిడ్డో దొర్లవచ్చు. దబ్బనం గడప దాటడం కళ్లారా చూస్తేనే ఆ ఇంటికి నిశ్చింత. గోడల మీద ఎవరూ పడుకోరు కదా అని ఆయన ఈ పద్ధతి మానలేదు. ఏదైనా కుట్టిన రోజు, ఇంటికి బయలుదేరే ముందు అద్దం దగ్గర నిలబడి అరచెయ్యి చాపుతాడు. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నా, ఎంత పనిలో ఉన్నా, ఇంజనీరమ్మ తలెత్తి దబ్బనాన్ని చూసి, సరేనన్నట్టు తలాడిస్తుంది.

"మీ దగ్గు మెట్ల దాకా వినిపిస్తోంది బాబాయ్. మందు వేసుకున్నారా?" అంటూ ఆమె తలుపు తోసుకుని వచ్చింది.

"వేసుకున్నానమ్మా. ఊపిరితిత్తుల నిండా దూదేనట. గుండె కూడా అలిసిపోయిందన్నాడు డాక్టరు. పోనీలే, నా పరుపు నేనే లోపల కుట్టుకున్నాను."

"పొద్దున్నే ఏం మాటలవి" అని ఆమె కసిరింది. కసురుతూనే ఆయన పక్కనున్న మంచినీళ్ల సీసా దగ్గరికి జరిపింది.

ఆ రోజు అందరికీ ముఖ్యమైన రోజు. తూటా ఆల్బం సాయంత్రంలోగా కంపెనీకి పంపాలి. తూటా అంటే పాతికేళ్ల కుర్రాడు. మాటలు తుపాకీలోంచి వచ్చినట్టు వస్తాయని జనం పెట్టిన పేరు. అతను మొదటిసారి పాడుతున్నప్పుడు పరుపులాయన కంగారుపడి ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఈ అబ్బాయికి ఎవరితోనమ్మా గొడవ?"

"గొడవ కాదు బాబాయ్, ర్యాప్. పాటే."

"పాటా? మరి అంత తొందరేమిటి, బస్సేమన్నా కదిలిపోతోందా?"

ఆ మాట స్టూడియోలో స్థిరపడిపోయింది. తూటా వేగం అందుకున్నప్పుడల్లా వాళ్ల బావ "మా బామ్మర్ది బస్సెక్కేశాడు" అంటాడు. బావంటే తూటా అక్క భర్త. ఈ పాటలన్నిటికీ బీట్లు కట్టింది అతనే. చెంచాలు, తలుపు గడియలు, పాత ఫ్యాను కిర్రుమనడం, దేన్నీ వదలడు. పరుపులాయన ఇంట్లో అటక మీదున్న దూది ఏకే విల్లుని కూడా ఒకరోజు మోసుకొచ్చి, దాని నారిని మీటించి రికార్డు చేశాడు. ఒక పాట మొత్తం ఆ జుంయ్ జుంయ్ మీదే నడుస్తుంది. ఆ పాటలో మాటలు పరుపులాయనకి ఒక్కటీ అర్థం కాలేదు. కానీ విల్లు మోగినప్పుడల్లా పక్కవాళ్ల మొహాలు చూస్తాడు, వాళ్లు విన్నారో లేదోనని.

పాటలన్నీ అయిపోయాయి. చివరిది ఒక్కటే మిగిలింది. నిజానికి ఆ ఆల్బం మొదలుపెట్టిందే ఆ పాట కోసం. తల్లి పోయాక తూటాని వాళ్లక్క పెంచింది, ఇతరుల బట్టలు ఇస్త్రీ చేసి. ఆమెకీ, తనని నిలబెట్టిన వాళ్లందరికీ ధన్యవాదం చెప్పాలని రాసుకున్న పాట అది. అదే కుదరడం లేదు.

పొద్దుటి నుంచీ పాడాడు. ఫోను చేతిలో పట్టుకుని, అందులో రాసుకున్న పేర్లు వరసగా చదివాడు. గట్టిగా పాడాడు, మెల్లగా పాడాడు, కూర్చుని పాడాడు. రికార్డింగు మొదలైందని ఎర్ర బల్బు వెలగడం, ఆరడం. వెలిగినప్పుడల్లా పరుపులాయన పద్ధతి ప్రకారం మెట్లెక్కి బయటికి వెళ్లాడు. తన దగ్గు ఎవరి పాటలోనూ పడకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు.

ఆయన చివరిసారి కిందికి దిగేసరికి అందరూ అప్పటిదాకా పాడింది వింటున్నారు.

"బడిలో హాజరు పిలిచినట్టుందిరా" అన్నాడు బావ చివరికి. "నా పేరొచ్చినప్పుడు లేచి నిలబడి, ఉన్నాను సార్ అందామనిపించింది."

తూటా నవ్వలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "నాకు కృతజ్ఞతే లేదేమో అక్కా" అన్నాడు ఇంజనీరమ్మతో. "తిట్టమంటే ఎంతసేపైనా తిడతాను. థాంక్స్ చెప్పమంటే నాలుక కట్టెలా అయిపోతోంది."

"ఆ పాట లేకుండా పంపేద్దామా?" అన్నాడు బావ, ఈసారి వేళాకోళం లేకుండా.

"మీ ఇష్టం. ఇంటికెళ్లి అక్కకి ఆ మాట నువ్వే చెప్పు బావా."



పరుపులాయనకి వాళ్ల మధ్య మాట్లాడే అలవాటు లేదు. కానీ ఆ కుర్రాడు కూలబడిన తీరు చూస్తే మనసు ఊరుకోలేదు. అతని బాధ ఆయనకి కొత్తది కాదు. చిన్నప్పటి నుంచీ రోజుకి ఎన్నిసార్లంటాడో, నీ దయ తండ్రీ అని. అన్నం తిన్నాక అంటాడు, దగ్గు ఆగాక అంటాడు, బస్సులో సీటు దొరికితే అంటాడు. అవతల వింటున్నారా అని ఎప్పుడూ అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాడు. అయినా ఒక్కోసారి సందేహం వస్తుంది. ఎప్పుడూ అదే మాట, అదే గొంతు. ఆ పైవాడికి విసుగెత్తదా?

"అమ్మాయ్" అన్నాడు మెల్లగా. "గది పెద్దదైపోయిందేమో చూడమ్మా. చెవిలో చెప్పే మాట మైదానంలో నిలబడి చెప్పమంటే ఎవరికి నోరొస్తుంది?"

ఇంజనీరమ్మ ఆయన వంక చూసింది. "గుడారం వేద్దామా బాబాయ్?"

అది వాళ్లకి తెలిసిన పనే. మైకు చుట్టూ పొడుగు స్టాండ్లు నిలబెట్టి, వాటి మీద దూది బొంతలు పరిస్తే, పిల్లలు దుప్పటి కింద దూరినట్టు ఒక మనిషి పట్టే చోటు అవుతుంది. అక్కడ గుసగుస కూడా నిండుగా వినిపిస్తుంది. పరుపులాయన బొంతలు పరిచాడు. మూల దగ్గర రెండు బొంతలకీ మధ్య సందు ఉండిపోయింది. లోపల నిలబడి ఆ సందుని దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టాడు. ఇంకా కొంచెం మిగిలుందనగా ఆ మూలనున్న స్టాండు మర జారిపోయి, బొంత మైకు మీదికి కుంగింది. ఆయన దబ్బనాన్ని ఉన్నచోటే బొంతలోకి గుచ్చేసి, రెండు చేతులూ పైకెత్తి బరువు ఆపాడు.

"పక్క గదిలో ఇంకో స్టాండుంది, తెస్తాను" అని బావ పరిగెత్తాడు.

అదేమీ ఎరగని తూటా హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బొంత ఎత్తి లోపలికి దూరాడు. బొంత మూసుకోగానే చీకటి. "పెద్దాయనా, ఉన్నారా?"

"ఉన్నాను నాయనా. నువ్వు కానీ, నేనిది పట్టుకుంటాను."

"ఫోను బయట పెట్టు" అంది ఇంజనీరమ్మ గొంతు, తూటా చెవికున్న హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా. "మైకులో జర్రుమంటోంది."

"పాట దాన్లోనే ఉందక్కా."

"ఊరికే గొంతు చూద్దామని. ఏదో ఒకటి అను."

తూటా ఫోన్ని బొంత కిందనుంచి బయటికి తోశాడు. ఇంజనీరమ్మకి ఒక అలవాటుంది. మనిషి మైకు ముందుకొస్తే చాలు, దగ్గినా తుమ్మినా రికార్డు నొక్కే ఉంచుతుంది. గుడారం అంచు కింద సన్నటి ఎర్ర వెలుగు నేల మీద పరుచుకోవడం పరుపులాయన చూశాడు.

బల్బు వెలిగింది. తనేమో లోపలున్నాడు.

మెట్లెక్కే దారి లేదు. చేతులు వదిలితే బొంత మైకు మీద పడుతుంది. అప్పుడే, పిలిచినట్టుగా, గొంతు అడుగున చిన్న దురద మొదలైంది.

'తండ్రీ' అనుకున్నాడు. 'ఇన్నేళ్లూ ఇచ్చినవాటికి థాంక్స్ చెప్పడమే గానీ నిన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఈ అబ్బాయి చెప్పుకునేదాకా ఈ దగ్గు ఆపు. తర్వాత నీ ఇష్టం.'

తూటా ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపాడు. తర్వాత మైకుకి కాక, చీకట్లో ఊపిరి వినిపిస్తున్న వైపు మొహం తిప్పి మొదలుపెట్టాడు. తొందర లేదు. నిజంగా ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉంది.

నేను అరిస్తే గోడ తిరిగి అరవకుండా
మెత్తగా అడ్డుపడ్డ చెయ్యి ఎవరిది?
నేను పడితే నేల గట్టిగా తగలకుండా
ముందే పక్క పరిచిన చెయ్యి ఎవరిది?
నా చొక్కా ముడత తీసీ తీసీ
తన చేతి గీతలు కాల్చుకున్నది ఎవరు?

అక్కడ అతని గొంతు జీరబోయింది. ఆగలేదు. ఆ జీరతోనే అక్కని పిలిచాడు, తల్లిని పిలిచాడు, తిడుతూ అన్నం పెట్టిన బావని పిలిచాడు. తూటా పాడుతుంటే పరుపులాయనకి మొదటిసారి ప్రతి మాటా అర్థమైంది. భుజాలు మండుతున్నాయి. దురద గొంతులోకి ఎగబాకింది. పళ్లు బిగించి, ముక్కుతో దారమంత సన్నగా ఊపిరి పీలుస్తూ, అంతకంటే సన్నగా వదులుతూ నిలబడ్డాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక్క మాట, ఊఁ అని అయినా పలకడానికి లేదు.

అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. వినేవాడి చేతులు ఖాళీగా ఉండవేమో. మన నెత్తి మీద పడబోయేది ఏదో ఆపి పట్టుకుని ఉంటాడేమో. అందుకే పలకడేమో. అది నిజమో కాదో ఆయనకేం తెలుసు? కానీ ఆ చీకట్లో ఆ ఆలోచన ఆయన వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించింది.

మొహం చూడలేదు, పేరు అడగలేదు,
ఉన్నావని తెలుసు. ఊపిరి వినబడింది.

తూటా ఆగాడు. ఇంజనీరమ్మ వెంటనే ఆపలేదు. ఆ నిశ్శబ్దాన్ని కూడా కాసేపు రికార్డు కానిచ్చింది. నేల మీద ఎర్ర వెలుగు ఆరగానే పరుపులాయన దగ్గు ఒక్కసారిగా విరుచుకుపడింది. బొంతలు, స్టాండ్లు, ఇద్దరు మనుషులూ అన్నీ కలిసి కూలాయి. కొత్త స్టాండు పట్టుకుని గుమ్మంలో కదలకుండా నిలబడిపోయిన బావ, మొహం చేత్తో రుద్దుకుని, "దిగాడు. మా బామ్మర్ది బస్సు దిగాడు" అన్నాడు.

అందరూ అద్దానికి అవతల చేరి పాట విన్నారు. మాటల మధ్య సన్నగా ఏదో వినిపిస్తోంది. గడ్డి మీద గాలి పాకినట్టుంది.

"అదేమిటమ్మా?"

"మీరే బాబాయ్. మీ ఊపిరి."

పరుపులాయన మొహం వాడిపోయింది. ఇన్నేళ్లూ మెట్లెక్కి దాచుకున్నది చివరికి పాటలో పడింది. "అయ్యో. తీసెయ్యమ్మా, తీసెయ్యడానికి వస్తుందిగా?"

"వస్తుంది" అంటూ ఆమె చెయ్యి కదిపింది.

"వద్దక్కా" అన్నాడు తూటా. "పొద్దుటి నుంచీ ఎందుకు రాలేదనుకున్నావ్? గోడకి చెప్పాను కాబట్టి. థాంక్స్ చెబుతుంటే అవతల ఒకరు వింటున్నట్టు ఉండాలి కదా. ఉండనీ." తర్వాత పరుపులాయన వైపు తిరిగి, "మీకు ఇష్టం లేకపోతే తీసేస్తాం పెద్దాయనా" అన్నాడు.

ఆయన తన బొటనవేలి కాయని నిమురుకున్నాడు. "నాదేముంది నాయనా. పాట నీది."

ఆ సంతోషంలో అందరూ ఆయన్ని బలవంతంగా ముందే ఇంటికి పంపేశారు. మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టు దగ్గరా ఆగాల్సి వచ్చింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. "నీ దయ తండ్రీ" అన్నాడు, ఈసారి కొంచెం పైకే. పక్కనున్నావిడ తననేమో అనుకుని జరిగి కూర్చుంది.

భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. సంగతంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీ గురక ఇన్నేళ్లూ నేను ఊరికే విన్నాను. ఇప్పుడు లోకమంతా కొనుక్కుని వింటారన్నమాట."

"గురక కాదే. ఊపిరి."

"ఆహా. ఆ తేడా పక్కన పడుకునేవాళ్లని అడగాలి."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ చొక్కా విప్పబోయి, అలవాటుగా జేబు తడుముకున్నాడు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దబ్బనం పెట్టుకునే చిన్న చెక్క గొట్టం ఉంది. ఊపి చూశాడు. చప్పుడు లేదు.

"బొంతలో వదిలేశాను" అన్నాడు. "చూపించకుండానే వచ్చేశానే!" మళ్లీ చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. భార్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను కలిపి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మాయ్, బొంతలో దబ్బనం ఉండిపోయిందమ్మా. మూల కుట్టు దగ్గర. ఎవర్నీ ఆనుకోనివ్వకు."

"చూశాను బాబాయ్. ఇక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోరు. రేపొచ్చి మీరే తీద్దురుగాని."

"రేపొచ్చి తీస్తాను. అబ్బాయి వాళ్లక్క విందా?"

"ఇప్పుడే విన్నారు. ఫోన్లో ఏడుస్తూనే ఉన్నారు. పాటలో ఆ ఊపిరి ఎవరిదని అడిగారు. చెప్పాను. మీకు ఆవిడ థాంక్స్ చెప్పమన్నారు."

ఆయన భార్య చేతిలోంచి ఫోను అందుకున్నాడు. ఇన్నేళ్లూ చెప్పడమే గానీ, తనకి ఎవరైనా చెబితే ఏమనాలో నేర్చుకోలేదు. "సరేనమ్మా" అన్నాడు.

సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఆయన ఒళ్లో పడింది. అందులో రెండు దూదిపోగులు తేలుతున్నాయి. భార్య వంటింట్లో నీళ్లు కాస్తూ, ఆ పాట తను ఎక్కడ వినవచ్చో, ఎంత శబ్దం పెట్టి వినాలో అడుగుతోంది. ముందు ఊఁ అన్నాడు. తర్వాత అడిగినదానికి అనలేదు. నిద్రపట్టిందనుకుని ఆమె గొంతు తగ్గించింది. నీళ్లు కాగాక గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. గదిలో ఆయన ఊపిరి సన్నటి చప్పుడు లేదు.

తూటా ఆల్బం బయటికి వచ్చి చాలా రోజులైంది. జనానికి అందులో వేగంగా పరిగెత్తే పాటలే ఎక్కువ నచ్చాయి. చివరి పాట దాకా వినేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఒకావిడ మాత్రం రోజూ వంటింటి పని ముగించుకుని, ఆయన కుర్చీ పక్కన కూర్చుని, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని వింటుంది.

స్టూడియోలో ఆ మూల బొంతని మళ్లీ ఎత్తి నిలబెట్టారు. స్టాండు మారింది గానీ కుట్టు ఎవరూ పూర్తిచెయ్యలేదు. కొత్తగా వచ్చేవాళ్లకి తగలకుండా ఇంజనీరమ్మ అక్కడ ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టింది. సాయంత్రం దీపాలు ఆర్పే ముందు అద్దం ఇవతలికి వచ్చి, ఒకసారి అటు చూసి తలాడిస్తుంది. సగం లోపలికి, సగం బయటికి, బెజ్జంలో జానెడు తెల్లదారంతో దబ్బనం ఆ దూదిలో అలాగే ఉంది.